తొమ్మిదో నెల పంచాంగం

గర్భధారణకు వైద్యశాస్త్రం వేసే లెక్క చివరి నెలసరి మొదలైన రోజుతో ప్రారంభమై 280 రోజులకు, అంటే 40 వారాలకు ముగుస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ ప్రసూతి వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె పేరుతో స్థిరపడిన సూత్రం ప్రకారం ఆ మొదటి రోజుకు తొమ్మిది నెలలూ ఏడు రోజులూ కలిపితే కాన్పు తేదీ వస్తుంది. పల్లెల్లో ముసలమ్మలు చెప్పే తొమ్మిది నెలల తొమ్మిది రోజుల లెక్కకూ దీనికీ పైకి కనిపించే తేడా రెండు రోజులే. అయితే ఈ రెండు లెక్కల్లో దేనికీ బిడ్డ కట్టుబడి ఉండదు. ఇరవై మంది శిశువుల్లో ఇంచుమించు ఒక్కరే చెప్పిన తేదీన పుడతారు. 37 వారాలు నిండిన తరువాత, 42 వారాలు నిండేలోపు ఏ రోజు పుట్టినా వైద్యుల దృష్టిలో అది నెలలు నిండిన కాన్పే. కాబట్టి చీటీ మీద డాక్టరమ్మ రాసిచ్చే ఆ ఒక్క తేదీ నిజానికి అయిదు వారాల వెడల్పు గల కాలానికి పెట్టిన పేరు మాత్రమే. ఆ అయిదు వారాలను గర్భిణి ఎక్కడ గడుపుతుంది, ఎవరి తోడుతో గడుపుతుంది, ఎవరి ఖర్చుతో గడుపుతుంది, అసలు గడపనిస్తారా లేదా అన్న ప్రశ్నలకు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దొరికే జవాబులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురెదురు దిశల్లో ఉండటం ఆలోచించదగిన విషయం. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలనూ విడదీసి కొత్త జిల్లాలను ఏర్పరిచినా, కాన్పు విషయంలో గోదావరికి అటూ ఇటూ ఉన్న పాత తేడా పెద్దగా చెరిగిపోలేదు.

చివరి నెలలో శరీరంలో జరిగే మార్పులను ముందుగా గమనించాలి. బిడ్డ తల కటి భాగంలోకి దిగినప్పుడు, ఆడవాళ్లు కడుపు కిందికి జారిందని చెప్పుకొనే ఆ దశలో, అంతవరకూ పక్కటెముకల కింద అదిమిపెట్టినట్టుండి ఆయాసపెట్టిన బరువు కొంత తగ్గి ఊపిరి తేలికవుతుంది. అదే సమయంలో ఆ తల మూత్రాశయాన్ని నొక్కడం వల్ల రాత్రి నాలుగైదుసార్లు లేవవలసి వస్తుంది. మరుగుదొడ్డి ఇంటికి దూరంగా పెరటి చివర ఉన్న ఇళ్లలో, ముఖ్యంగా వానాకాలపు రాత్రుల్లో, ఈ చిన్న శారీరక వాస్తవం ఇంట్లో ఇంకొకరి నిద్రను కూడా తీసుకుంటుంది, ఎందుకంటే నిండు గర్భిణిని చీకట్లో ఒంటరిగా పంపరు. వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భాశయం వెన్ను పక్కగా గుండెకు రక్తాన్ని తిరిగి చేర్చే పెద్ద సిరను అదుముతుంది కనుక ఎడమ పక్కకు తిరిగి పడుకోమని నర్సులు చెబుతారు. పొట్ట బిగుసుకొని కాసేపటికి మళ్లీ వదులయ్యే ఉత్తుత్తి నొప్పులను 1872లో వర్ణించిన ఇంగ్లండు వైద్యుడి పేరు మీద బ్రాక్స్‌టన్ హిక్స్ సంకోచాలని పిలుస్తారు. ఇవి క్రమం లేకుండా వస్తాయి, నడిస్తేనో నీళ్లు తాగి పడుకుంటేనో తగ్గిపోతాయి. అసలు నొప్పులు తగ్గవు, దగ్గరపడతాయి, నడుము నుంచి ముందుకు చుట్టుకొస్తాయి. చెప్పడానికి ఇంత సులువైన ఈ తేడా తొలి కాన్పు స్త్రీకి అర్ధరాత్రి రెండు గంటలకు అంత సులువుగా తెలియదు. ఆటో మాట్లాడుకొని ఆసుపత్రికి వెళ్లి, ఇంకా సమయం ఉందని చెప్పించుకొని, తెల్లవారేసరికి తిరిగి రావడం అనేక కుటుంబాల్లో చివరి నెలలో జరిగే మామూలు సంగతి.

పాదాల వాపును ఊళ్లో నీరు పట్టడం అంటారు. అది చాలామందిలో ప్రమాదం లేనిదే కానీ, ముఖం, చేతులు కూడా ఉబ్బి, తలనొప్పి వచ్చి, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తే రక్తపోటు పెరిగిందని అర్థం. అది ముదిరి మూర్ఛలు రావడాన్నే పాత తెలుగు వైద్యం గుర్రపు వాతమని పిలిచింది. మంత్రసానులు భయపడిన కొద్ది విషయాల్లో అది ఒకటి. బీపీ చూసే పట్టీ, మూత్రంలో మాంసకృత్తులను పసిగట్టే చిన్న కాగితపు ముక్క, ఈ రెండూ ఏఎన్ఎం చేతికి వచ్చిన తరువాత గుర్రపు వాతాన్ని ముందే పసిగట్టడం సాధ్యమైంది. చివరి నెలలో వారం వారం పరీక్ష ఎందుకన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

తెలంగాణలో తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. ఆంధ్ర జిల్లాల్లో పుట్టిల్లు అనే దానికి ఇక్కడి మాట తల్లిగారిల్లు. అయిదు, ఏడు, తొమ్మిది వంటి బేసి నెలల్లో మంచిరోజు చూసి, గాజులు తొడిగి, ఒడి నింపి కూతురిని తీసుకపోతారు. ఎనిమిదో నెలలో ప్రయాణం పెట్టుకోరు, అమావాస్య దగ్గరుంటే ఆగుతారు. ఆచారం వెనుక ఉన్న కరుణ స్పష్టమే. అత్తగారింట్లో తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చే కోడలు తల్లిగారింట్లో ఎండ ఎక్కేదాకా పడుకోవచ్చు, తినాలనిపించింది అడగవచ్చు, నడుము నొప్పిగా ఉందని సంకోచం లేకుండా చెప్పవచ్చు. కానీ ఈ ప్రయాణంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక నష్టం కూడా ఉంది. ఏడు నెలలపాటు ఆమె రక్తపోటు, బరువు, రక్తహీనత చూస్తూ వచ్చిన ఆశ కార్యకర్త, ఏఎన్ఎం, డాక్టరు అత్తగారి ఊళ్లో ఉండిపోతారు. అత్యంత జాగ్రత్త అవసరమైన వారాల్లో ఆమె తనను అంతకుముందు ఎన్నడూ చూడని వైద్య సిబ్బంది ముందు కూర్చుంటుంది. ఆమె చేతిలోని తల్లీ బిడ్డల రక్షణ కార్డు, అంటే ప్రతి పరీక్ష వివరమూ నమోదు చేసే మడత కార్డు, అప్పుడు ఆమె గర్భానికి మిగిలిన ఏకైక జ్ఞాపకం. ఆ కార్డు అత్తగారింటి బీరువాలో మరచిపోయి వచ్చినవారికి రక్త పరీక్షలు, స్కానింగులు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి, ఆ ఖర్చు తల్లిగారిది. కాన్పు ఖర్చు కూడా తల్లిగారిదే కావడం మరికొన్ని నిర్ణయాల మీద నీడ వేస్తుంది. దాని ప్రస్తావన ముందుముందు వస్తుంది.

విశ్రాంతి అనే మాట ఈ ప్రాంతపు శ్రామిక స్త్రీల విషయంలో జాగ్రత్తగా వాడవలసినది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో బీడీలు చుట్టడం ఆడవాళ్ల ప్రధాన ఉపాధుల్లో ఒకటి. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, జర్దా, దారం. వెన్ను వంచి గంటల కొద్దీ కూర్చుంటే తప్ప వెయ్యి బీడీలు పూర్తి కావు. ఇంట్లో కూర్చొని చేసే పని కనుక ఇది గర్భిణులకు అనువైనదని బయటివారు అనుకుంటారు. నిజానికి నెలలు నిండేకొద్దీ చాటకూ పొట్టకూ మధ్య చోటు ఉండదు; చాటను మోకాళ్ల దాకా జరిపి చేతులు చాచి చుట్టవలసి వస్తుంది, నడుము నొప్పి రెట్టింపవుతుంది, పొగాకు ధూళి గదినిండా ఉంటుంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని ఈ రంగానికీ వర్తింపజేసింది; 2017 సవరణతో జీతంతో కూడిన ఆ సెలవు మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాలకు పెరిగింది, అందులో ఎనిమిది వారాలను కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఆచరణలో ఇంటి దగ్గర బీడీలు చేసే స్త్రీకీ కంపెనీకీ మధ్య టేకేదారు, అంటే ఆకూ జర్దా ఇచ్చి బీడీలు తీసుకునే గుత్తేదారు ఉంటాడు. చుట్టిన బీడీలకే లెక్క, చుట్టని రోజుకు లెక్క లేదు. తల్లిగారింటికి వచ్చిన కూతురు తల్లి పేరు మీద వచ్చిన ఆకును ఖాళీగా కూర్చోవడం ఎందుకని తీసుకొని చుట్టడం చాలా ఇళ్లలో కనిపించే దృశ్యం. అది ప్రేమగల ఇల్లే, పేద ఇల్లు కూడా.

ఆదిలాబాద్ నల్లరేగడి మీద ఇదే పరిస్థితి పత్తి రూపంలో ఉంటుంది. అక్టోబరు నుంచి పత్తి ఏరే కాలం మొదలై నాలుగు నెలలు సాగుతుంది. నడుముకు చీర కొంగును సంచిగా కట్టుకొని, ఏరిన పత్తిని అందులో నింపుకుంటూ సాలు వెంట వంగి నడవాలి, కూలి కిలోల లెక్కన. ఎనిమిదో నెల గర్భిణికి ఆ సంచి కట్టుకునే చోటు లేకపోతే పక్కన చిన్న బుట్ట పెట్టుకొని ఏరుతుంది, తక్కువ ఏరుతుంది, తక్కువ సంపాదిస్తుంది. గోండు, కొలాం గూడేలలో కాన్పు రోజు ఉదయం దాకా చేనులో ఉన్న స్త్రీల గురించి వినిపించే కథలను పట్నవాసులు వారి శారీరక దృఢత్వానికి నిదర్శనంగా మెచ్చుకుంటూ చెబుతారు; ఆ మెచ్చుకోలు వెనుక కూలి పోతుందన్న భయం కనిపించకుండా పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారని తేలినప్పుడు ఆ దృఢత్వపు మాట ఇంకా వెలవెలబోయింది.

గల్ఫ్ వలసను విడిచి ఈ జిల్లాల గర్భిణుల దైనందిన జీవితం గురించి చెప్పడం కుదరదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్ల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయిన మగవాళ్ల వీసా ఒప్పందాలు సాధారణంగా రెండేళ్లవి. సెలవుకు వచ్చి, భార్య కడుపుతో ఉండగానే తిరిగిపోయిన భర్త కాన్పునాటికి లేబర్ క్యాంపులోని ఇనుప మంచం మీద ఫోను పట్టుకొని కూర్చుంటాడు. తెలంగాణకూ దుబాయికీ గంటన్నర తేడా కనుక ఇక్కడి రాత్రి పది గంటలు అక్కడ ఎనిమిదిన్నర, డ్యూటీ దిగి వండుకునే వేళ. వీడియో కాల్ ఈ ఎడబాటును కొంత తగ్గించింది కానీ ఒక కొత్త చిక్కును కూడా తెచ్చిపెట్టింది: ఆపరేషన్ చేయాలా, ఇంకా ఆగాలా అని డాక్టరు అడిగినప్పుడు జవాబు వేల మైళ్ల దూరం నుంచి, భార్య మూలుగు విని తట్టుకోలేని మనిషి నోటి నుంచి వస్తుంది. అలాంటివాడు ఆగమని ఎలా అంటాడు?

ఇక తిండి. వేడి చేస్తుందని బొప్పాయి, నువ్వులు మానడం, బిడ్డ తెల్లగా పుడుతుందని పాలలో కుంకుమపువ్వు వేయడం, గ్రహణం పూట కత్తి పట్టకుండా, కదలకుండా పడుకోబెట్టడం వంటి నియమాలు తెలుగునాట అన్నిచోట్లా ఉన్నవే. వీటిలో చాలావాటివల్ల లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు. నష్టం చేసేది ఒక్కటే. బిడ్డ పెద్దగా పెరిగితే కాన్పు కష్టమవుతుందని చివరి నెలల్లో అన్నం తగ్గించడం ఇంకా అక్కడక్కడా ఉంది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణికి అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వడానికి కారణం కూడా ఇంటికి ఇస్తే ఆ గుడ్డు ఇంట్లో మిగతావారి పళ్లెంలోకి పోతుందని రూపకర్తలకు తెలియడమే. 2022 డిసెంబరులో ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్ సహా తొమ్మిది జిల్లాల్లో మొదలైన న్యూట్రిషన్ కిట్‌లో కిలో ఖర్జూరాలు, అరకిలో నెయ్యి, పోషకాల పొడి, ఐరన్ సిరప్ సీసాలు ఉండేవి. దాన్ని గర్భకాలంలో రెండుసార్లు ఇచ్చే ఏర్పాటు చేశారు. నెయ్యి ఎవరు తిన్నారన్న లెక్క మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. 2019-21 సర్వే ప్రకారం భారతదేశంలో వంద కాన్పుల్లో 21.5 సిజేరియన్ కోతతో జరిగినవైతే, తెలంగాణలో ఆ సంఖ్య 60.7, ఒక్క ప్రైవేటు ఆసుపత్రులనే తీసుకుంటే 80 దాటింది. కరీంనగర్ జిల్లాలో ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ కలిపి చూసినా 80 శాతం దాటి, దేశంలోనే అత్యధిక సంఖ్యల సరసన నిలిచింది. గోదావరి దాటి ఆసిఫాబాద్ అడవుల్లోకి వెళితే అది అందులో సగానికంటే తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ఏ ప్రాంతంలోనైనా పది, పదిహేను శాతానికి మించి కోత కాన్పులు ఉండటానికి వైద్యపరమైన కారణం కనిపించదని పేర్కొంది. ఆ సంఖ్యను మరీ పట్టుకొని వేలాడనవసరం లేదు, సకాలంలో చేసిన ఆపరేషన్ ప్రాణం పోస్తుందనడంలో సందేహం లేదు. రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20 నాటికి 43కు తగ్గడానికి ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరడం తోడ్పడింది, ఆ ఆసుపత్రుల్లో ఆపరేషన్ గదులు ఉండటం కూడా తోడ్పడింది. అయినా, అయిదుగురు తల్లుల్లో నలుగురికి సహజంగా కనే శక్తి లేని జిల్లా భూమ్మీద ఉండదు.

కారణాల్లో అందరూ ముందుగా చెప్పేది ముహూర్తం. కాన్పు తేదీ దగ్గరపడుతుండగా కుటుంబ పెద్ద పంతులు దగ్గరకు వెళ్లి, ఆ పది పదిహేను రోజుల్లో మంచి నక్షత్రం, మంచి లగ్నం చూపించుకొని, గంట, నిమిషం రాసిన చీటీని ఆసుపత్రిలో ఇస్తాడు. మూల, జ్యేష్ఠ, ఆశ్లేష నక్షత్రాలు, అమావాస్య, రాహుకాలం తప్పించి మిగిలిన ఘడియల్లో ఆపరేషన్ గది ముందు వరుస కడతారు. 2022లో అప్పటి రాష్ట్ర వైద్య ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు ఈ ముహూర్తపు కాన్పులను బహిరంగంగానే తప్పుపట్టారు. జ్యోతిషాన్ని నమ్మేవారు కూడా ఒక చిక్కును గమనించవచ్చు: పుట్టిన ఘడియ పూర్వకర్మను సూచిస్తుందన్నది ఆ శాస్త్రపు మూల భావన కాగా, ఆ ఘడియను మత్తు డాక్టరు ఖాళీని బట్టి జరపగలిగినప్పుడు జాతకం ఎవరిదవుతుందో పంతులు కూడా చెప్పలేడు. అయితే ముహూర్తాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. పంచాంగం ఉమ్మడి ఆదిలాబాద్‌లోని తెలుగు, మరాఠీ ఇళ్లలోనూ ఉంది, కోస్తా జిల్లాల్లోనూ ఉంది. కరీంనగర్‌లో దానికి తోడైనది వేచి ఉండటం మీద అందరికీ కలిగిన అపనమ్మకం.

ఆ అపనమ్మకం రెండు వాక్యాల రూపంలో ఇంటింటా వినిపిస్తుంది: ఉమ్మనీరు తగ్గిందట, పేగు మెడకు చుట్టుకుందట. ఉమ్మనీరు, అంటే గర్భసంచిలో బిడ్డ చుట్టూ ఉండే ద్రవం, 36వ వారం తరువాత సహజంగానే కొంత తగ్గుతుంది. నిజంగా ప్రమాదకరంగా తగ్గిన గర్భాలు వేరు. బొడ్డుపేగు మెడ చుట్టూ ఉండటం నెలలు నిండిన నలుగురు బిడ్డల్లో ఇంచుమించు ఒకరికి కనిపించేదే, వారిలో అత్యధికులు మామూలుగానే పుడతారు. కానీ స్కానింగ్ కాగితం మీద ఆ మాట చూసిన తండ్రి, తన ఖర్చుతో తన ఇంట్లో కూతురి కాన్పు జరుగుతున్నప్పుడు, రేపు ఏమైనా జరిగితే వియ్యాలవారికి ఏమని జవాబు చెప్పాలన్న భయంతో ఉంటాడు. తల్లిగారి ఆచారం వేసే నీడ ఇదే. అప్పు చేసైనా ఆపరేషన్ చేయించిన తండ్రిని ఎవరూ నిందించరు; ఆగుదామని చెప్పిన తండ్రి మాత్రం ఆ తరువాత జరిగే ప్రతిదానికీ బాధ్యుడవుతాడు. వైద్యుల స్థితి కూడా ఇందుకు భిన్నమైనది కాదు. పైగా తొలి కాన్పు కోతతో జరిగితే రెండోది కూడా దాదాపు తప్పనిసరిగా కోతే అవుతుంది, అప్పుడే పిల్లలు పుట్టకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించేస్తారు. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లకే రెండు కోతలతో స్త్రీ ప్రసూతి జీవితం ముగిసిపోవడం ఈ జిల్లాల్లో అసాధారణమేమీ కాదు.

చీటీ మీది ఘడియ కోసం 37, 38 వారాలకే కోసి తీసిన బిడ్డ తూకం బాగానే ఉండవచ్చు. ఊపిరితిత్తుల్లోని ద్రవం పూర్తిగా పోవడానికి నొప్పులు తోడ్పడతాయి. నొప్పులు రాకముందే బయటికి తెచ్చిన శిశువుల్లో ఆయాసం ఎక్కువగా కనిపించడానికి అదే కారణం, అలాంటివారు నవజాత శిశు చికిత్సా విభాగంలోని అద్దాల పెట్టెలో కొన్ని రోజులు ఉండవలసి వస్తుంది. అత్యవసరం లేని కోతను 39 వారాల దాకా ఆపమని వైద్య మార్గదర్శకాలు చెప్పేది అందుకే. మంచి ఘడియలో పుట్టిన బిడ్డను తల్లి మూడో రోజు దాకా ఒళ్లోకి తీసుకోలేకపోవడం ఏ గ్రహస్థితి కిందికి వస్తుందో ఆ చీటీలో ఉండదు.

ఉత్తరాన కథ వేరు. తిర్యాణి, కెరమెరి, లింగాపూర్, సిర్పూర్ (యు), నార్నూర్, గాదిగూడ మండలాల్లో గూడేలకూ రోడ్డుకూ మధ్య వాగులుంటాయి; జూలై నుంచి సెప్టెంబరు దాకా పొంగిన వాగు ఎన్ని గంటలకు తగ్గుతుందో ఎవరూ చెప్పలేరు. నిండు గర్భిణిని మంచం మీద మోసుకొనో, ఎడ్లబండి మీదనో వాగు దాటించి అవతల ఒడ్డున నిలిచిన 108 వాహనంలోకి చేర్చడం ప్రతి వానాకాలమూ జిల్లా పత్రికల పేజీల్లో కనిపించే వార్త. ఇక్కడ తేదీకి ముందు వెనుకలు ఎంత ప్రమాదకరమో కరీంనగర్ పట్టణవాసికి ఊహకందదు. ఈ సమస్యకు ఉట్నూరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, ఆరోగ్యశాఖ కలిసి తెచ్చిన పరిష్కారం కాన్పు నిరీక్షణ గదులు: లోపలి గూడేల గర్భిణులను కాన్పు తేదీకి కొద్దిరోజుల ముందే తీసుకొచ్చి, ఆసుపత్రి ఆవరణలోనే మంచం, భోజనం, తోడు వచ్చినవారికి చోటు ఇచ్చి, నొప్పులు వచ్చేదాకా ఉంచుకోవడం. ప్రపంచం వేరేచోట్ల ఈ పద్ధతిని ముందే చూసింది. క్యూబా 1962లోనే మారుమూల ప్రాంతాల గర్భిణుల కోసం ప్రసూతి గృహాలను నెలకొల్పింది, ఆఫ్రికాలోని అనేక దేశాల్లో ఆసుపత్రుల పక్కన ఇలాంటి ఇళ్లున్నాయి.

ఆలోచన మంచిదే, దాన్ని పాటించవలసి రావడం గర్భిణికి ఎంత కష్టమో చెప్పకపోతే మాత్రం అన్యాయమవుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, నాలుగు మేకలు, ఏరవలసిన పత్తి ఉన్న స్త్రీని వారం పదిరోజులు ఏ పనీ లేకుండా ఒక గదిలో కూర్చోమనడం ఆమెకు విశ్రాంతిగా అనిపించదు. వార్డులో నర్సులు తెలుగు మాట్లాడతారు, ఆమె ఇంటి భాష గోండి లేదా కొలామి, బయటివారితో మాట్లాడేది ఎక్కువగా మరాఠీ. తోడు వచ్చిన అత్తకు పప్పన్నం సహించదు, జొన్నరొట్టె ఉండదు. నెలలు నిండని వాళ్లకు తేదీ తప్పుగా వేసి ముందే తీసుకొస్తే పది రోజులు పదిహేను రోజులవుతాయి, చివరి నెలసరి ఏ రోజో గుర్తులేనివారి తేదీ స్కానింగ్ మీదే ఆధారపడుతుంది, తొలి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ అయితే తప్ప ఆ తేదీ అంత నమ్మదగినది కాదు. కొందరు మూడో రోజే చెప్పకుండా వెళ్లిపోతారు. వారిని అజ్ఞానులని అధికారులు విసుక్కోవడం సహజమే అయినా, తమ ఇంటి నుంచి దూరంగా, మాట కలవని చోట, ఎప్పుడు ముగుస్తుందో తెలియని నిరీక్షణను కరీంనగర్‌లోని సంపన్న కుటుంబాలు సొంత ఇంట్లో కూడా భరించలేకపోతున్నాయన్న సంగతి ఆ విసుగులో మరుగున పడుతుంది.

కరీంనగర్‌లోనే ఈ నిరీక్షణ విషయంలో మరో ప్రయత్నం కూడా జరిగింది. 2017 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై మంది స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. మిడ్‌వైఫ్‌ను మంత్రసాని అని అనువదించడం సరికాదు. ఈమె నర్సింగ్ చదివి, సహజ కాన్పును ఆద్యంతం తానే నడిపించి, ప్రమాద లక్షణం కనిపించగానే వైద్యురాలిని పిలిచే నిపుణురాలు. దేశవ్యాప్త మార్గదర్శకాలు 2018 డిసెంబరులో వెలువడేనాటికి ఈ తొలి బృందం శిక్షణలో ఏడాది దాటింది. ఆ శిక్షణలో నేర్పేది ప్రధానంగా ఏమిటంటే, నొప్పులు పడుతున్న స్త్రీని మంచానికి కట్టేసినట్టు వెల్లకిలా పడుకోబెట్టకుండా నడవనివ్వడం, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టడం, నడుము రుద్దడం, నీళ్లు తాగించడం, బిడ్డ గుండె చప్పుడును క్రమం తప్పకుండా వింటూ, అవసరం లేనిచోట చేయి పెట్టకుండా ఉండటం. చూసేవారికి ఏమీ చేయనట్టే ఉంటుంది. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు, అంతకుమించి కూడా సాగుతాయి. కోత ఒక గంటలో ముగుస్తుంది. ప్రైవేటు ఆసుపత్రి బిల్లులో ఆపరేషన్ గదికి, మత్తుకు, గదికి, మందులకు విడివిడిగా వరుసలుంటాయి, పన్నెండు గంటలు పక్కన నిలబడిన మనిషి ఓపికకు వరుస లేదు.

ప్రభుత్వ పథకాల్లోనూ ఈ నిరీక్షణ కాలానికి పేరు దొరకలేదు. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం ప్రభుత్వాసుపత్రిలో కన్న తల్లికి మగబిడ్డయితే 12,000, ఆడబిడ్డయితే 13,000 రూపాయలను కూలి నష్టానికి బదులుగా నాలుగు విడతల్లో ప్రకటించింది: గర్భకాలపు పరీక్షలు చేయించుకున్నాక ఒకటి, కాన్పుకు ఒకటి, టీకాలకు రెండు. చివరి నెలలో చాట పక్కన పెట్టడానికో, పత్తి చేను మానడానికో, ఉట్నూరు గదిలో పదిరోజులు కూర్చోవడానికో ప్రత్యేకంగా విడత లేకపోయింది. ఉంటే ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టడం కష్టమేమీ కాదు. ఆ పదిరోజులకు ఉపాధి హామీ రోజుకూలి చొప్పున ఇచ్చినా, ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్క కోత కాన్పుకు తండ్రి చేసే అప్పులో అది చిన్న భాగమే అవుతుంది.